వదులు అన్నదెవరు

మా కొట్లో ఒక పద్ధతి ఉంది. బట్టలు కుట్టించుకునేవాళ్ళ ముందు తప్పు ఎప్పుడూ నాదే. కాలరు వంకరొచ్చినా, చెయ్యి పొట్టయినా, ఇస్త్రీపెట్టె కింద గుడ్డ మాడిపోయినా, "నేనే పొరబడ్డానండీ, సరిచేసి ఇస్తాను" అని కౌంటరు దగ్గర నిలబడి చెప్పేది నేనే. కొట్టు నాది, వయసులో పెద్దదాన్ని, పైగా నా మొహం చూసి ఎవరూ గట్టిగా అరవరు. కానీ సాయంత్రం షట్టరు దించాక, తప్పు చేసిన మనిషి నా దగ్గరికొచ్చి "అది నేను చేశాను" అని చెప్పాలి. తిడితే రెండు మాటలు తిడతాను. మర్నాడు మళ్ళీ అంతా మామూలే.

ఈ పద్ధతి నా మరదలికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మా తమ్ముణ్ణి చేసుకుని వచ్చిన కొత్తల్లోనే నా పక్కన మిషను ముందు కూర్చుంది. బొత్తాలు కుట్టడంతో మొదలుపెట్టి కత్తెర దాకా వచ్చింది. కొలతల టేపు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, "వదినా, ఆ చంక నేనే ఎక్కువ కోసేశాను" అని ఎన్ని సాయంత్రాలు నా ముందు నిలబడిందో. చెప్పేశాక దాని మొహం తేటపడేది. నాకూ ప్రాణం హాయిగా ఉండేది.

కొండ ఎక్కాలన్న పిచ్చి మాత్రం నాదే. దానిది కాదు.

మా కొట్టు వెనక గోడకి ఒక కిటికీ ఉంది. సూది మీంచి కళ్ళు తీసి అప్పుడప్పుడూ దూరంగా చూడకపోతే చూపు పాడవుతుందని కళ్ళ డాక్టరు ఎప్పుడో చెప్పాడు. ఆ కిటికీలోంచి దూరంగా కనిపించేది ఒక్కటే, ఊరి బయట ఉన్న పెద్ద బండ. చెట్టూ చేమా లేకుండా, గూని వీపులా కాస్త ముందుకు వంగి ఉంటుంది. పోయిన మా ఆయన మొహం కంటే ఆ బండనే నేను ఎక్కువసార్లు చూసి ఉంటాను. అరవై దాటాక ఒక రోజు, అంచు మడుస్తూ తలెత్తి చూస్తే అనిపించింది. ఇన్నేళ్ళు ఇక్కణ్ణుంచి దాన్ని చూశాను, ఒక్కసారి దాని మీద నిలబడి నా కిటికీని చూడాలి.

మా అమ్మాయితో చెబితే నవ్వింది. నేను నవ్వడం లేదని గమనించి నవ్వు ఆపేసింది.

"ఈ వయసులో ఇదేం కోరికమ్మా? మొన్ననేగా మోకాళ్ళకి మాత్రలు తెప్పించుకున్నావు?"

"మోకాళ్ళున్నది వాడుకోడానికేగా. దాచిపెట్టి ఎవరికివ్వాలి?" అన్నాను.

మా తమ్ముడు ముక్కున వేలేసుకున్నాడు. అతని పెళ్ళాం మాత్రం దారం తెంపుతూ, తల కూడా ఎత్తకుండా, "మీరొక్కరే వెళ్తే తాడెవరు పట్టుకుంటారు వదినా?" అంది. అలా ఇద్దరం చేరాం.

సెలవురోజుల్లో బండలెక్కడం నేర్పే అమ్మాయి ఒకతె ఉంది. అందరూ కోచ్ అనే పిలుస్తారు, మేమూ అంతే. మగపిల్లాడిలా కత్తిరించుకున్న జుట్టు, ఎండకి కమిలిన మెడ, మాట్లాడితే ఖండితంగా ఉంటుంది. పాత గిడ్డంగి ఒకటి అద్దెకి తీసుకుని, గోడ నిండా రాళ్ళలాంటి పట్లు బిగించి, ముందు అక్కడ నేర్పిస్తుంది. ఎక్కే మనిషి నడుముకి తాడు కడతారు. ఆ తాడు పైనున్న కొక్కెంలోంచి తిరిగి కిందికొస్తుంది. కింద ఉన్న మనిషి దాన్ని తన నడుముకున్న ఇనుపబిళ్ళలోంచి దూర్చి పట్టుకోవాలి. పైమనిషి ఎక్కుతున్నకొద్దీ తాడు లాగి బిగువు చెయ్యాలి. ఎడం చెయ్యి ఏం చేసినా సరే, కుడిచెయ్యి మాత్రం చచ్చినా తాడు మీంచి తియ్యకూడదు.

"పైనుంచి మూడే మాటలు వినపడాలి. లాగు, ఆపు, ఇవ్వు," అంది కోచ్.

'లాగు' అనగానే మా మరదలు కిసుక్కున నవ్వింది. బడిపిల్లల లాగులు ఎన్ని వందలు కుట్టామో మాకే తెలియదు. నేనూ నవ్వాను. కోచ్ నవ్వలేదు. మూడో మాట దగ్గర నాకే ఇబ్బంది వచ్చింది. తాడు కాస్త సడలించాలంటే 'ఇవ్వు' అనాలి. నా నోటికి వచ్చేది 'వదులు'. కొట్లో పొద్దస్తమానం అనే మాట. నడుము దగ్గర వదులు, భుజం దగ్గర వదులు, ఒక వేలు వదులు, రెండు వేళ్ళు వదులు. మా మరదలికి నేను వదులు అంటే ఎంతో కూడా చెప్పక్కర్లేదు, గుడ్డ చూసి తనే పెట్టేస్తుంది. గోడ మీద వేళ్ళాడుతూ అలవాటుగా "వదులు" అని అరిస్తే, అది సరిగ్గా జానెడు తాడు సడలించింది.

కోచ్ మమ్మల్నిద్దర్నీ కిందికి దించి నిలబెట్టింది. "ఆంటీ, ఆ మాట వద్దు. వదులు అంటే సడలించమనీ అర్థమొస్తుంది, వదిలేయమనీ వస్తుంది. బండ మీద రెండర్థాల మాట ప్రాణం తీస్తుంది."

చిన్నపిల్లతో చెప్పించుకున్నానని సిగ్గనిపించింది గానీ, ఆమె చెప్పింది నిజం. ఆ తరవాత నేను ఆ మాట మళ్ళీ అనలేదు. గిడ్డంగిలో అనలేదు, బండ ఎక్కిన మొదటి రోజునా అనలేదు. ఇది గుర్తుంచుకోండి.

బండ ఎక్కే రోజుకి మా ఇద్దరికీ నేనే ప్యాంట్లు కుట్టాను. మోకాలి దగ్గర గుడ్డ రెట్టింపు, కూర్చునే చోట కావలసినంత వదులు. అవి తొడుక్కుని అద్దం ముందు నిలబడితే మా మరదలు, "సర్కసులో చేరడానికి వెళ్తున్నట్టున్నాం" అంది. దారంతా నవ్వుకుంటూనే వెళ్ళాం.

బండ దగ్గరికి వెళ్ళాక నవ్వు రాలేదు. కిటికీలోంచి అరచేతి వెడల్పు కనిపించేది, దగ్గరకెళితే ఆకాశం కనిపించకుండా నిలబడి ఉంది. నేను ముందు ఎక్కుతానన్నాను. కోచ్ ముడులన్నీ చూసింది, మా మరదలి నడుము బిళ్ళ చూసింది, "కుడిచెయ్యి" అని ఒకసారి గుర్తుచేసింది. నేను ఇద్దరు మనుషుల ఎత్తు ఎక్కేదాకా పక్కనే ఉంది. అవతల ఇంకొకాయన ముడి వేసుకోలేక పిలిస్తే అటు తిరిగింది.

నేను ఒక చీలికలో వేళ్ళు దూర్చి, కాలు ఎక్కడ పెట్టాలా అని కిందికి చూశాను. నా రెండు కాళ్ళ మధ్యలోంచి మా మరదలు కనిపించింది. దాని రెండు చేతుల్లో ఫోను ఉంది. నాకే గురిపెట్టి ఉంది. మొహం నిండా నవ్వు. తాడు దాని ముందు వదులుగా వేళ్ళాడుతోంది. అరుద్దామనుకునే లోపల నా కాలు జారింది.

పడటం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. వీపు రాయికి కొట్టుకుంది, మడమ నేలకి తగిలింది, లోపల ఏదో కట్టె విరిగినట్టు వినిపించింది. కోచ్ పరిగెత్తుకొచ్చింది.

"తాడెందుకు వదిలారు?" అని మా మరదల్ని అడిగింది.

మా మరదలి పెదాలు తెల్లబడిపోయాయి. ఫోను ఎప్పుడు జేబులోకి వెళ్ళిందో నాకు తెలియదు. నా వంక చూసి, కోచ్ వంక చూసి, "వదినే అన్నారు... వదులు అని," అంది.

కోచ్ నా వైపు తిరిగింది. చుట్టూ పదిమంది మూగారు. అంటే కౌంటరు తెరిచే ఉంది.

"అన్నాను," అన్నాను.

ఆ తరవాత నన్ను మంచం లాంటి దాని మీద కట్టేసి నలుగురు పడుచువాళ్ళు మోసుకెళ్ళారు. నా సర్కసు ప్యాంటు మోకాలి దగ్గర కత్తిరించేశారు. నొప్పి ఒక ఎత్తు, ఆ మోత ఒక ఎత్తు. అటూ ఇటూ నిలబడ్డవాళ్ళు జాలిగా చూస్తుంటే తల కొట్టేసినట్టయింది. "పెద్దావిడ కదా, కంగారులో ఏదో అనేసుంటుంది," అని ఎవరో అన్నారు. నేను కళ్ళు మూసుకున్నాను.

కాలికి కట్టు వేసి, కదలొద్దన్నారు. కొట్టు వెనక గదిలోనే మంచం వేయించుకున్నాను. మా అమ్మాయి తనింటికి రమ్మంది, నేను వెళ్ళనన్నాను. ఎందుకు వెళ్ళలేదో చెప్పలేదు. సాయంత్రం షట్టరు దించే చోటే ఉండాలి నేను. మా మరదలు వచ్చి చెబుతుంది. టేపు వేలికి చుట్టుకుంటూ వస్తుంది. నేను రెండు మాటలు తిడతాను. ఏడిస్తే ఏడవనిస్తాను.

మొదటి రోజు సాయంత్రం షట్టరు దించింది. గడగడమని చప్పుడైంది. మంచం మీద లేచి కూర్చున్నాను. అది లోపలికొచ్చి, "వదినా, కాస్త జావ తాగుతారా?" అంది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. నాకు తల దువ్వింది, ఒళ్ళు తుడిచింది, చెప్పుకోలేని పనులన్నీ చేసింది. మిషన్లకి నూనె పెట్టింది, నా వంతు కుట్టుపని కూడా తనే కుట్టింది. ఇంత చేస్తున్న మనిషిని ఒక్క మాట కోసం మనసులో నిలేస్తున్నానని నాకే సిగ్గుగా ఉండేది. కానీ ఆ ఒక్క మాట లేకపోతే తక్కినదంతా నాకు గొంతు దిగేది కాదు. నా ఒంటి మీద తడిగుడ్డ పెడుతున్న చెయ్యి తాడు వదిలిన చెయ్యే కదా అని, దాన్ని నెట్టెయ్యాలనిపించేది. నెట్టేసే ఓపిక కూడా లేక పడుకునేదాన్ని.

అడిగెయ్యొచ్చు కదా అంటారు. అడిగితే అది చెప్పినట్టు కాదు, నేను కక్కించినట్టు.

ఈలోగా కొట్టు ముందు నా కథ తయారైంది. మధ్యలో తెర ఒక్కటే అడ్డం కాబట్టి ప్రతి మాటా నా చెవిన పడేది. "పెద్దావిడ ఏరమ్మా?" అని ఎవరో అడుగుతారు. మొదట్లో మా మరదలు, "పడ్డారండీ" అని ఊరుకునేది. వాళ్ళు ఊరుకోరు కదా. ఎలా, ఎందుకు, ఎక్కడ. నలుగురికి చెప్పాల్సి వచ్చేసరికి మాట నలిగి నునుపైంది. "బండ మీద కూడా కొట్లోలాగే వదులు అన్నారండీ, పాపం," అనేది. విన్నవాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. "అంత వదులు పెడితే ఎలాగండీ," అని ఒకావిడ కౌంటరు మీద చెయ్యి కొట్టి మరీ నవ్వింది. మా తమ్ముడు, మా అమ్మాయి, అందరి దగ్గరా అదే కథ. మా అమ్మాయి వచ్చినప్పుడల్లా, "నీ నోరే నీ కొంప ముంచిందమ్మా," అనేది. నేను తల ఊపేదాన్ని. ఎన్నేళ్ళ నుంచో పరాయివాళ్ళ ముందు దాని తప్పులు నెత్తిన వేసుకుంటున్నాను, ఏనాడూ బరువనిపించలేదు. ఇది మాత్రం రోజురోజుకీ బరువెక్కుతోంది.

ఒక మధ్యాహ్నం తెర కాస్త పక్కకి జరిగి ఉంది. కొట్లో ఎవరూ లేరు. మా మరదలు కుట్టిన బట్టలు తగిలించే కడ్డీ మీంచి కొలతల టేపు వేసి, రెండు కొసలూ పట్టుకుని నిలబడి ఉంది. ఎడం చేత్తో లాగుతోంది, కుడిచెయ్యి కిందికి బిగిస్తోంది. మళ్ళీ లాగుతోంది, మళ్ళీ బిగిస్తోంది. కాసేపాగి, జానెడు సడలించింది. కుడిచెయ్యి టేపు మీదే ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నన్ను పడేసి, ఇప్పుడు ఆటలాడుకుంటోందా అనుకున్నాను. గట్టిగా దగ్గాను. అది ఉలిక్కిపడి టేపు లాగి మెడలో వేసుకుంది.

కట్టు విప్పారు. కాలు సన్నబడిపోయి, ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుంది. కర్రతో, కర్ర లేకుండా, మెట్లతో, మెల్లమెల్లగా దారికి తెచ్చుకున్నాను. మళ్ళీ కోచ్‌కి ఫోను చేశాను. "ఆంటీ, మిమ్మల్ని తీసుకెళ్ళాలంటే మాటల దగ్గర్నుంచి మళ్ళీ నేర్చుకోవాలి," అంది. సరేనన్నాను.

గిడ్డంగిలో కొత్తగా చేరినవాళ్ళంతా నా మనవల ఈడువాళ్ళు. వాళ్ళతోపాటు నేల మీద కూర్చున్నాను. కోచ్ మూడు మాటలూ చెప్పి, "సొంత మాటలు వాడకూడదు. మొన్న ఒక పెద్దావిడ ఇవ్వు అనడానికి బదులు వదులు అని కాలు విరగ్గొట్టుకున్నారు," అంది. పేరు చెప్పలేదు, మర్యాదకి. కానీ అందరూ నా కాలి వైపే చూశారు. చెవులు వేడెక్కిపోయాయి. మా మరదలు నా పక్కనే కూర్చుని ఉంది. అది తన చేతి గోళ్ళు చూసుకుంటోంది. ఇప్పుడు చెప్పు, అనుకున్నాను. ఇక్కడైనా సరే, ఇప్పుడు చెప్పు. చెప్పలేదు.

ఆ రోజే నాలో ఏదో విరిగింది. కాలిది అతికింది గానీ ఇది అతకలేదు.

గిడ్డంగి పిల్లలతో కలిసి మళ్ళీ బండ దగ్గరికి వెళ్ళిన పొద్దున ఎండ ఇంకా ముదరలేదు. నేను కొత్త ప్యాంటు కుట్టుకున్నాను, మా మరదలు పాతదే తొడుక్కుంది. బండి దిగీదిగగానే నడుముపట్టీ కట్టుకుంది, బిళ్ళ తగిలించుకుంది, తాడు కోసం చెయ్యి చాపింది. ఎప్పుడూ లేనంత శ్రద్ధగా ఉంది దాని మొహం.

నేను జేబులోంచి నా ఫోను తీసి, చాపిన ఆ చేతిలో పెట్టాను.

"తాడు కోచ్ పట్టుకుంటుంది. నువ్వు ఫొటోలు తియ్యి. నీకది బాగా వచ్చుగా," అన్నాను.

చాలా మెత్తగా అన్నాను. కోచ్‌కి అందులో ఏమీ వినిపించలేదు. మా మరదలికి వినిపించింది. దాని కళ్ళు నా మొహం మీద ఆగిపోయాయి. నేను చూడలేదని ఇన్నాళ్ళూ అనుకుంది కాబోలు. నేను వెనక్కి తిరిగి బండ మీద చెయ్యి వేశాను. నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన నాకు చాలా బాగుంది.

ఎక్కాను. ఎలా ఎక్కానో అడక్కండి. పడ్డ చోటికి వచ్చేసరికి కాళ్ళు కుట్టుమిషను సూదిలా టకటకలాడాయి. కోచ్ కింది నుంచి "ఆగండి, ఊపిరి పీల్చండి" అంటూనే ఉంది. వేళ్ళ చర్మం లేచిపోయింది. ఎలాగో ఛాతీ పైకి వేసి, మోకాలు వేసి, కప్పలా పాకి, పైన కూర్చున్నాను.

కూర్చుని నా కిటికీ కోసం చూశాను. ఊరంతా కనిపించింది. కప్పులు, నీళ్ళ ట్యాంకులు, ఆరేసిన బట్టలు, వందల కిటికీలు. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఏది నాదో తెలియలేదు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. తెలియలేదు. దీని కోసమా, కాలు విరగ్గొట్టుకుని, ఊరందరి చేతా నవ్వించుకున్నాను అనిపించింది. కోపం ఎవరి మీదికి పోవాలో తెలిసినదే కదా. కిందికి వంగి చూశాను. కోచ్ తాడు పట్టుకుని ఉంది. ఆమె వెనక, కాస్త దూరంగా, ఖాళీ నడుముపట్టీ కట్టుకుని మా మరదలు.

నాకు తాడు సడలించాల్సిన పనేమీ లేదు. హాయిగా కూర్చునే ఉన్నాను. అయినా గొంతెత్తి, అందరికీ వినపడేలా అరిచాను.

"వదులు."

కోచ్ కదల్లేదు. "ఆంటీ, ఇవ్వు అనాలి," అని విసుగ్గా అరిచింది.

మా మరదలు కదిలింది. ఫోను ఎక్కడ పడేసిందో, రెండు చేతులూ నడుము దగ్గరికి వచ్చాయి. కుడిచెయ్యి గుప్పిట బిగించి తొడ పక్కన నిలిచింది, ఎడం చెయ్యి లేని తాడుని జానెడు, సరిగ్గా జానెడు, పైకి అందించింది. కుడి గుప్పిట మాత్రం విడవలేదు. అలాగే తలెత్తి నన్ను చూస్తూ నిలబడింది. తన చేతుల్లో ఏమీ లేదని దానికి ఇంకా తెలియలేదు.

కడ్డీ మీద టేపు గుర్తొచ్చింది నాకు. ఆట కాదది. నోటితో చెప్పలేనిదాన్ని అది నేను చూడనప్పుడు చేతులతో చెప్పుకుంటోంది. అది చూసి నేను దగ్గాను. సిగ్గుతో చచ్చిపోయాను. పైన అంత ఎత్తున కూర్చుని, దాక్కోవడానికి చెట్టు కూడా లేని బండ మీద, మొహం ఎటు తిప్పుకోవాలో తెలియలేదు.

కోచ్ నన్ను మెల్లగా దించింది. కాళ్ళు నేలకి ఆనగానే మా మరదలు వచ్చి నా ముడి విప్పడానికి కూర్చుంది. ముడి బిగుసుకుపోయి రావడం లేదు. చుట్టూ ఆ గిడ్డంగి పిల్లలంతా ఉన్నారు, కోచ్ ఉంది. అది తల ఎత్తకుండానే, అందరికీ వినపడేలా, "ఆ రోజు వదిన ఆ మాట అనలేదు. నేను తాడు వదిలేసి ఫొటో తీశాను," అంది.

కోచ్ నా వంక చూసింది, నిజమేనా అన్నట్టు.

"ఆ రోజు అనలేదు," అన్నాను. "ఇవాళ కావాలనే అన్నాను."

కోచ్‌కి అర్థం కాలేదు. మా మరదలికి అర్థమైంది. ముడి మీద దాని చేతులు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ విప్పడం మొదలుపెట్టాయి.